చిరునామా మార్పు

జైళ్ల నుంచి వచ్చే కవర్లు విప్పడం నా పని.
పద్దెనిమిదేళ్లుగా ఇదే బల్ల, మార్క్వెట్ కోర్టు రెండో అంతస్తు.
కిటికీ అవతల రేవు
ఏప్రిల్ దాకా గడ్డకట్టే ఉంటుంది.
నేనెవరికీ న్యాయం చెప్పను.
తేదీ ముద్ర వేస్తాను, అంతే.

వెండెల్ ప్రూయిట్ దావా జనవరి తొమ్మిదిన వచ్చింది.
పెన్సిల్ రాత. ఆ బ్లాకులో పెన్నులివ్వరట.
కవరు అంటించడానికి టూత్‌పేస్టు వాడాడు,
విప్పగానే బల్లంతా పుదీనా వాసన.
పగిలిన కిటికీ, పదకొండు రాత్రులు,
ఒకే దుప్పటి, చల్లబడిపోయిన హీటరు పైపు.
"వేళ్లు నల్లబడ్డాయని చెప్పాను,
రెండు జతల సాక్సులు వేసుకోమంది నర్సు"
అని రాశాడు, గీతల్లేని కాగితం మీద
తాడు లాగి కట్టినంత తిన్నగా.

చివరి పేజీలో అక్షరాల్లేవు.
కాగితం మీద పాదం పెట్టి
చుట్టూ పెన్సిల్ తిప్పాడు.
మడమ, వంపు, బొటనవేలు, దాని పక్కది.
ఆ తర్వాత గీత ఎక్కడా ఆగకుండా, ఎక్కకుండా
పక్కకి జారిపోయింది.
కింద రాసుంది: సాక్ష్యం ఒకటి.

స్కానరుకి అది దొరకలేదు. పెన్సిల్ మరీ పలచన.
వెలుతురు పెంచి చూశాను, తగ్గించి చూశాను.
తెర మీద తెల్ల కాగితం.
"పేజీ 14, ఖాళీ" అని నమోదు చేశాను.

ఫిబ్రవరిలో జడ్జిగారి ఉత్తర్వు:
ప్రతివాదుల పూర్తి పేర్లు, ముప్పై రోజుల్లో.
(నర్సు బిళ్ల మీద ఉన్నది ఒక్క అక్షరం.)
ఉత్తర్వు వెళ్లింది, మూడు వారాలకు తిరిగొచ్చింది.
కవరు మీద ఎర్ర సిరా: ఇక్కడ లేడు.

పారిపోయాడా? లేదు.
తెల్లవారుజామున మూడింటికి లేపి
కాళ్లకు గొలుసేసి బస్సెక్కించారు.
ఎవరి మీద దావా వేశాడో వాళ్లే.
సంతకం పెట్టి అప్పజెప్పారు,
నోరు తెరిపించి చూసి, సంతకం పెట్టి తీసుకున్నారు.
కానీ చిరునామా మారితే కోర్టుకు చెప్పాల్సింది వాది.
ఏ ఊరో అతనికి బస్సు దిగాక తెలిసింది.
కాగితాల పెట్టె ఆరు వారాలకు గానీ రాలేదు,
కేసు నంబరు ఆ పెట్టెలో ఉంది.

ఏప్రిల్ రెండున కొట్టివేత.
పేజీన్నర. వేలు అన్న మాట ఒక్కచోటా లేదు.
"గుణదోషాల జోలికి పోవడం లేదు" అన్నారు.
ఆ వాక్యం ఎంత మర్యాదైనదంటే
మంచు బూట్లు గుమ్మం బయటే విప్పి వచ్చినట్టుంది.
కాపీ పాత జైలుకే పంపాను,
ఫైల్లో ఉన్నది అదొక్కటే గనక.
అదీ తిరిగొచ్చింది.

మేలో అతని ఉత్తరం, మళ్లీ పుదీనా వాసనతో.
"అమ్మా, లేదా అయ్యా,
ఇది నా కొత్త చిరునామా.
నా కేసు ఎంతదాకా వచ్చింది?
పద్నాలుగో పేజీ అందిందా?"
జవాబు ఫారంలో నాలుగు గడులుంటాయి.
మూడోదాంట్లో టిక్కు పెట్టాను: కేసు మూసివేయబడింది.
పద్నాలుగో పేజీకి గడి లేదు.
స్కాన్ చేశాక అసలు కాగితాలు చింపేస్తాం.
అదొక్కటీ నా సొరుగులో ఉంది. ఎందుకని అడగొద్దు.

జూన్‌లో రోవెనా సెలవు పెడితే
రెండు రోజులు లెక్కల బల్ల దగ్గర కూర్చున్నాను.
కోర్టు ఫీజు మూడువందల యాభై డాలర్లు,
కేసు కొట్టేసినా కట్టాల్సిందే,
గిన్నెలు తోమిన కూలిలోంచి నెలకింత.
వెండెల్ పేరు మీద మొదటి కోత
నాలుగు డాలర్ల పదిహేను సెంట్లు, మార్చి నెలలో,
ఉత్తర్వు నా దగ్గరికి తిరిగొచ్చిన వారమే,
కొత్త జైలు ఖాతా నుంచి,
ఒక్క రోజు ఆలస్యం లేకుండా.

రసీదు పై మూలన
పేరు, నంబరు, ఊరు, బ్లాకు, గది,
అచ్చులో, కళ్లద్దాలు లేకుండా చదవొచ్చు.

తేదీ ముద్ర వేశాను.